జాజ్ సంగీతమున వంతపాట: ఒక మూలవిచారము

ఒక కళ యెక్కడనుండి వచ్చినదని యెవరైన అడిగినప్పుడు, దాని అంగములను విడదీసి, ఇది ఈ దేశపుది, అది ఆ దేశపుది అని పట్టిక వ్రాసి చూపుట విమర్శకులకు సులభమైన అలవాటు. అమెరికాలో పుట్టి ప్రపంచమంతట వ్యాపించిన జాజ్ సంగీతమునకు ఇట్టి పట్టిక బహుకాలముగా వాడుకలో నున్నది. లయ ఆఫ్రికాది; స్వరమేళనము యూరపుది; కార్నెట్, ట్రాంబోను, క్లారినెట్ అను వాద్యములు సైనిక బృందములవి; పుట్టిన ఊరు న్యూ ఆర్లియన్స్. ఈ నాలుగును కలిసి జాజ్ అయినవని పెక్కు పుస్తకములు చెప్పుచున్నవి. ఇందు అసత్యమేమియు లేదు. కాని దినుసులు చెప్పినంతమాత్రమున వంట తెలిసినట్లు కాదు. చింతపండు, బెల్లము, కారము అందరి యిండ్లలోను ఉన్నవే; అయినను ఒక యింటి పులుసు మరియొక యింటి పులుసు కాదు. చేయి యెవరిది, ఆ చేతికి ఆ రుచి యెట్లు అబ్బినది అనునదే అసలు ప్రశ్న.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయము ఒక్కటే. జాజ్‌నకు మూలము ఒక స్వరము గాని ఒక తాళము గాని కాదు. ఒకరు పలుకగా పదుగురు మారుపలుకు సామూహిక గాన పద్ధతియే దాని మూలము. తెలుగున దీనికి చక్కని మాట కలదు: వంతపాట. బుర్రకథలో కథకునకు ఇరుప్రక్కల నిలిచి అందుకొను వంతలను ఎరుగని తెలుగువాడు లేడు. అయితే మన వ్యవహారమున "వంత పాడుట" అనగా ఇతరుని మాటకు తలయూపుట అను నిందార్థము కూడ వచ్చి చేరినది. జాజ్‌లోని వంత అట్టిది కాదు. అది విన్నదానిని తిరిగి అప్పగింపదు. విన్నదానికి జవాబు చెప్పును. ఈ భేదమును మనసున నుంచుకొని చరిత్రను పరిశీలింతము.

సంకెళ్లలో వచ్చిన పాట

ఇంగ్లీషువారి వర్జీనియా వలసకు ఆఫ్రికా నుండి బందీలు మొదటిసారి వచ్చినది 1619లో. ఆ తరువాత రెండు శతాబ్దములపాటు పశ్చిమాఫ్రికా నుండియు, కాంగో ప్రాంతములనుండియు లక్షలాది జనులు అమెరికా తోటలకు అమ్మబడిరి. భిన్నభాషల వారిని ఒకే తోటలో కలిపి పనిచేయించుటచే కొన్ని తరములలో మాతృభాషలు చాలవరకు నశించినవి. చేతి వాద్యములకు కూడ రక్షణ లేకపోయినది. దక్షిణ కరోలినాలో 1739లో స్టోనో నదీతీరమున బానిసలు డప్పులు మ్రోగించుచు తిరుగుబాటు చేసిరి. దానిని అణచిన పిమ్మట 1740లో చేయబడిన చట్టము బానిసలు డప్పులను, కొమ్ములను వాడరాదని నిషేధించెను. డప్పు వాద్యము మాత్రమే కాదనియు, దూరమునకు వార్త పంపు సాధనమనియు ప్రభువులు గ్రహించిరి.

డప్పు పోయినది గాని డప్పు వేయు చేయి పోలేదు. అరచేతుల చప్పుడును, పాదముల తట్టును, కంఠమును మిగిలినవి. చెట్లు నరుకునప్పుడు, ప్రత్తి ఏరునప్పుడు, రైలుపట్టాలు సరిచేయునప్పుడు ఒకడు ముందు పాడగా తక్కినవారు అందుకొనుచుండిరి. గొడ్డలి దెబ్బ పడుచోట పాట ఆగును. ఆ దెబ్బయే తాళము. మన నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు నడచునదియు ఈ తీరుననే గదా. రోకలి పోటు లేక దంపుళ్ల పాట సగమే.

దైవప్రార్థనలోను ఇదే పద్ధతి నిలిచినది. దక్షిణ కరోలినా, జార్జియా తీరద్వీపములలో "రింగ్ షౌట్" అను వలయాకార ప్రార్థన యుండెను. జనులు వలయముగా నిలిచి, అడుగులు నేలకు రాచుచు తిరుగుదురు. ప్రక్కన నిలిచిన కొందరు పాడుచు చేతులు తట్టుదురు. ముందు పాడువాడు ఒక చరణము అందించగా తక్కినవారు పల్లవి అందుకొందురు. 1867లో విలియం అలెన్, చార్లెస్ వేర్, లూసీ మెకిం గారిసన్ అను మువ్వురు ఈ బానిసగీతములను సేకరించి అచ్చువేసిరి. తమ పీఠికలో వారు రెండు విషయములు చెప్పిరి. ఈ పాటలు కాగితముపై స్వరలిపికి లొంగవు. అందరును కలిసి పాడినను ఎవరి దారి వారిదిగనే వినవచ్చును. ఈ రెండు మాటలను గుర్తుంచుకొనవలెను. అరువది యేండ్ల తరువాతి జాజ్ బృందమును వర్ణించుటకు ఇంతకంటె ఎక్కువ మాటలు అక్కరలేదు.

న్యూ ఆర్లియన్స్ స్థితి కొంత భిన్నము. ఫ్రెంచివారు 1718లో స్థాపించి, స్పెయిను వారు కొంతకాలము ఏలిన ఆ పట్టణమున ఆదివారములందు బానిసలు గుమిగూడు ఆచారముండెను. 1817 నాటి నగరశాసనము ఆ గుమిగూడుటను ఒకే స్థలమునకు పరిమితము చేసెను. కాంగో స్క్వేర్ అని పేరుపొందిన మైదానము అదియే. 1819లో బెంజమిన్ లాట్రోబ్ అను వాస్తుశిల్పి అచ్చటి వలయ నృత్యములను చూచి, డప్పులను, తంత్రీవాద్యమును బొమ్మలుగా గీసి తన దినచర్యలో నుంచెను. విన్న సంగీతము ఆయనకు ఏమాత్రము రుచింపలేదు. రుచింపనివాడు వ్రాసిన వ్రాతయే నేడు మనకు ముఖ్యసాక్ష్యమగుట ఈ చరిత్రలో తరచు జరిగిన విషయము.

బ్లూస్: ప్రశ్నయు, జవాబును ఒకే కంఠమున

1865లో బానిసత్వము రద్దయినది. తోటపని గుంపు చెదరి, ఒంటరి కౌలుదారు, ఊరూర తిరుగు కూలివాడు ఏర్పడిరి. అతనికి వంత పలుకువారు లేరు. ఆ లోటునుండి పుట్టినది బ్లూస్. గిటారు చేతబట్టిన గాయకుడు ఒక పాదము పాడి, దానినే మరల పాడి, మూడవ పాదమున దానికి ముగింపు చెప్పును. ఒక్కొక్క పాదమునకు నాలుగు మాత్రల కాలఖండములు నాలుగు చొప్పున మూడు పాదములకు 12 ఖండములు. పాదమునకు కేటాయించిన కాలమునంతయు గాయకుడు పాటతో నింపడు. సగము దాటగానే ఆపును. తక్కిన ఖాళీని గిటారు జవాబుతో నింపును. అనగా గుంపు లేనిచోట వాద్యమే వంత యైనది. డబ్ల్యు. సి. హాండీ మిసిసిపీలోని టట్వైలర్ రైలు స్టేషనులో ఒక బాటసారి కత్తిని తీగెలపై నొక్కి వాయించుచు పాడుట విన్నట్లు వ్రాసెను. ఆ బాణీలను స్వరపరచి 1912లో "మెంఫిస్ బ్లూస్", 1914లో "సెయింట్ లూయిస్ బ్లూస్" ప్రకటించెను.

బ్లూస్ స్వరములను గూర్చి కర్ణాటక సంగీతమున చెవి కుదిరినవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. పియానోపై సాధారణ గాంధారమునకు ఒక మెట్టు, అంతర గాంధారమునకు ఒక మెట్టు కలవు. బ్లూస్ గాయకుడు పాడు గాంధారము ఈ రెంటి నడుమ కదలుచుండును. నిషాదమును అట్టిదే. యూరపు సంగీతము నేర్చినవారు దీనిని చాలకాలము అపస్వరమనిరి. గమకము తెలిసిన మనము అట్లనజాలము. అదే విధముగ దెబ్బకు ముందో వెనుకనో ఎత్తుకొనుట వారికి వింతగా తోచినది. అతీత, అనాగత గ్రహములను పేరుపెట్టి పాటించు మనకు అది వింత కాదు. ఈ రెండును ఒకటేనని నా భావము కాదు. లిపికి అందని స్వరము తప్పుస్వరము కాదని మాత్రమే ఇచ్చట చెప్పదలచినది.

ఒక చట్టము కలిపిన రెండు వీధులు

న్యూ ఆర్లియన్స్‌లో క్రియోలులని పిలువబడు మిశ్రజాతివారు ఫ్రెంచి మాటలాడుచు, సంగీతలిపి చదివి వాయించుచు ఒక భాగమున నివసించుచుండిరి. తోటలనుండి వచ్చిన నల్లజాతి కూలీలు వేరొక భాగమున నుండి, విని నేర్చి వాయించుచుండిరి. మొదటివారు రెండవవారిని తమతో సమానులుగా ఎంచలేదు. కాని 1890లో లూసియానా ప్రభుత్వము రైళ్లలో నల్లవారికి వేరు పెట్టెలుండవలెనని చట్టము చేసెను. దానిని ధిక్కరించి 1892లో అరెస్టయిన హోమర్ ప్లెసీ ఈ క్రియోలు సంఘమువాడే. 1896లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టము చెల్లునని తీర్పు చెప్పెను. ఒక్క రక్తబిందువు నల్లదైనను నల్లవారే యను లెక్కలో క్రియోలులును పడిరి. చదివి వాయించువారును, విని వాయించువారును ఒకే బృందములలో చేరవలసివచ్చెను. అన్యాయమైన చట్టమువలన ఒక గొప్ప కళ పుట్టినదని కొందరు సంతోషింతురు, అది సరికాదు. చట్టము వారిని ఒకచోటికి నెట్టినది. సంగీతమును వారే చేసికొనిరి.

ఆ కాలపు నాయకుడు కార్నెట్ వాదకుడు బడ్డీ బోల్డెన్. 1877లో పుట్టిన ఆయన 1907లో మతిభ్రమచే ఆసుపత్రి పాలై, 1931లో అచ్చటనే మరణించెను. ఆయన వాద్యధ్వని నిలిచిన ముద్రణ ఒక్కటియు మనకు దక్కలేదు. ఆ ఊరి శవయాత్రలలో బృందము శ్మశానమునకు పోవునప్పుడు విలంబముగా శోకగీతములు వాయించి, తిరిగి వచ్చునప్పుడు ఉత్సాహగీతములు వాయించును. బృందము వెనుక ఆడుచు నడచు జనమును "సెకండ్ లైన్", అనగా రెండవ వరుస, అందురు. రింగ్ షౌట్ వలయము వీధిలోనికి వచ్చి ఊరేగింపుగా సాగినదని సామ్యుయెల్ ఫ్లాయిడ్ వంటి పండితులు చెప్పుట ఇందుచేతనే.

ఎవరి పేర వ్రాయబడినది?

ఇక విమర్శకు అసలు చిక్కు ఇచ్చట వచ్చును. జాజ్ పేర వెలువడిన మొదటి గ్రామఫోను రికార్డు 1917 ఫిబ్రవరి 26న న్యూయార్కులో ముద్రింపబడెను. వాయించినది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బాండ్, ఐదుగురును తెల్లవారే. బృందనాయకుడు నిక్ లరాకా తరువాతి కాలమున జాజ్‌ను కల్పించినది తామేనని వాదించెను. 1920లలో "జాజ్ రాజు" అను బిరుదు పాల్ వైట్‌మన్‌కు, 1930లలో "స్వింగ్ రాజు" అను బిరుదు బెన్నీ గుడ్‌మన్‌కు దక్కినవి. గుడ్‌మన్ ప్రతిభావంతుడే, 1936 నాటికే టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ అను నల్లజాతి విద్వాంసులను తన చిన్న బృందమున బహిరంగముగ చేర్చుకొన్న ధైర్యశాలి. కాని ఆయన బృందమునకు పేరు తెచ్చిన వరుసలలో పెక్కింటిని కూర్చినది ఫ్లెచర్ హెండర్సన్ అను నల్లజాతి సంగీతజ్ఞుడు.

ఇది వ్యక్తుల దుర్బుద్ధి మాత్రమే కాదు. అమెరికా గ్రంథస్వామ్యపు చట్టము వ్రాసిన బాణీని ఆస్తిగా గుర్తించెను గాని, అప్పటికప్పుడు మనోధర్మముగా వాయించినదానిని గుర్తింపలేదు. ధ్వనిముద్రణకు దేశవ్యాప్తమైన చట్టరక్షణ 1972లో గాని రాలేదు. వ్రాసినవాడు యజమాని, పలికినవాడు కూలివాడు. బహుమానముల విషయమును ఇట్లే. 1965లో డ్యూక్ ఎల్లింగ్టన్ జీవితకాల కృషికి ప్రత్యేక గౌరవమీయవలెనని పులిట్జర్ సంగీత నిర్ణేతలు సిఫారసు చేయగా, పై సంఘము తిరస్కరించెను. నిర్ణేతలలో ఇద్దరు రాజీనామా యిచ్చిరి. ఎల్లింగ్టన్ 1974లో మరణించెను. ఆ గౌరవము ఆయన శతజయంతి సంవత్సరమైన 1999లో వచ్చెను.

కావున జాజ్‌ను లిపిని పట్టి కొలుచు విమర్శ పాతతప్పునే మరల చేయుచున్నది. దానికి ధ్వనిముద్రణయే మూలగ్రంథము. ఒక్క ముద్రణను దగ్గరగా విని ఈ మాటను పరీక్షింతము.

"వెస్ట్ ఎండ్ బ్లూస్" పరిశీలన

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో న్యూ ఆర్లియన్స్‌లో పేదవాడలో పుట్టి, బాలుర సంరక్షణాలయమున కార్నెట్ నేర్చి, గురుతుల్యుడైన కింగ్ ఆలివర్ పిలువగా 1922లో షికాగో చేరెను. 1928 జూన్ 28న ఆ నగరముననే తన బృందముతో ఆలివర్ రచనయైన "వెస్ట్ ఎండ్ బ్లూస్" ముద్రించెను. మూడు నిముషములకు కొంచెము మించిన ముద్రణ యిది.

ఆరంభమున ట్రంపెట్ ఒంటరిగా పలుకును. తాళము లేదు, తోడు లేదు. పది పదిహేను సెకన్లు మాత్రమే. నాలుగు స్వరములు నిలకడగా పైకెక్కి, అచ్చటనుండి జలజల దిగును. ఆలాపన వినుటకు అలవాటుపడినవారికి ఇచ్చట ప్రాణము లేచివచ్చును. పియానో నేర్చిన పండితులు దీనిలో యూరపు సంగీతపు ఆర్భాటమును చూచిరి. అదియు ఉండవచ్చును. కాని పొలములో ఒంటరి కూలివాడు దూరమునకు వేయు కేకయు ఇట్లే యుండును: ముందు నిలకడ, తరువాత జారుడు. ఇది పిలుపు.

పిమ్మట 12 ఖండముల బ్లూస్ ఐదు ఆవృత్తులు నడచును. మొదటిది ట్రంపెట్, రెండవది ట్రాంబోను. మూడవ ఆవృత్తి ఈ ముద్రణకు హృదయము. జిమ్మీ స్ట్రాంగ్ క్లారినెట్‌పై ఒక చిన్న పలుకు పలుకును. ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ దించి, మాటలు లేని కంఠముతో మెల్లగా జవాబు చెప్పును. క్లారినెట్ పలుకు సాదా. కంఠపు జవాబు ప్రతిమారును కొంచెము వేరు, కొంచెము ముందుకు, చివరకు జవాబే పిలుపును మించును. మాటలు లేకపోవుట లోటుగా తోచదు. భాషను కోల్పోయిన జనము భాష లేకయే మాటలాడుట నేర్చుకొన్న చరిత్ర అంతయు ఆ ఒక్క ఆవృత్తిలో వినవచ్చును. నాలుగవది అర్ల్ హైన్సు పియానో. ఐదవ ఆవృత్తిలో ట్రంపెట్ ఒకే తారాస్థాయి స్వరమును దాదాపు నాలుగు ఖండములపాటు కదలక పట్టియుంచును. అంతవరకు అందరును మాటలాడుకొనిరి. ఇప్పుడు ఒకడు నిలిచి, తక్కినవారు తన క్రింద నడచుటను వినుచున్నాడు. పట్టు విడిచినప్పుడు వచ్చు స్వరపరంపర ఆరంభపు పిలుపునకు జవాబు.

ఇందలి స్వరములను లిపిలో వ్రాయవచ్చును, వ్రాసిరి కూడ. ఆ కాగితమును చూచి వాయించినచో స్వరములన్నియు వచ్చును, సంభాషణ మాత్రము రాదు.

తరువాతి కాలము

మూలము ఇదియేయైనచో, కాలము మారినను అది కనిపింపవలెను. 1940లలో హార్లెమ్‌లోని మింటన్స్ వంటి స్థలములలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, థెలోనియస్ మంక్ మొదలగువారు నాట్యమునకు పనికిరాని వేగముతో, జటిలముగా వాయించిరి. ఇందు వంతపాట ఎక్కడ అని అడుగవచ్చును. డ్రమ్ముల వాదకుని విని చూడుడు. అతడు కాలము లెక్కించుట మాని, ఒక్కొక్క పలుకునకు అడ్డుపలుకు వేయుచుండును.

జాన్ కోల్ట్రేన్ తాతలిద్దరును మతబోధకులు. ఆయన 1964 డిసెంబరులో ముద్రించిన "ఎ లవ్ సుప్రీమ్" చివరి భాగమున సాక్సోఫోను తాను వ్రాసిన ప్రార్థనను అక్షరము వెంట అక్షరముగా పలుకుచున్నదని లూయిస్ పోర్టర్ అను పరిశోధకుడు నిరూపించెను. సాహిత్యము మనసున నుంచుకొని వీణపై కృతి వాయించు సంప్రదాయము గల మనకు ఇది దగ్గరి విషయము. అంతకుముందు, 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హాం నగరమున నల్లజాతి చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు మరణించిరి. రెండు నెలలకు కోల్ట్రేన్ "అలబామా" ముద్రించెను. అందును మాటలు లేవు. ఎవరికి జవాబో చెప్పనక్కరలేదు.

ఈ సంగీతము మన దేశమునకు కొత్త కాదు. పియానో వాదకుడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ 1930లలో బొంబాయి తాజ్‌మహల్ హోటలులో వాయించి, 1945లో కలకత్తాలో మరణించెను. ఎల్లింగ్టన్ బృందము 1963లో మన దేశమున పర్యటించెను. కోల్ట్రేన్ 1961లో "ఇండియా" అను రచన వాయించి, తన కుమారునకు పండిత రవిశంకర్ పేరు పెట్టుకొనెను. పాలకొల్లులో పుట్టి మదరాసున వెలసిన మాండలిన్ శ్రీనివాస్ జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో "రిమెంబర్ శక్తి" బృందమున వాయించిన ముద్రణలు వినదగినవి. వారిరువురు ఒకరి పలుకునకు ఒకరు జవాబు చెప్పుకొనుటలో ఎవరి సంప్రదాయమును వారు విడువలేదు.

విమర్శకుల విమర్శ

జాజ్‌ను గౌరవముతో విన్న తొలి యూరపు పండితులలో స్విట్జర్లాండు వాద్యబృంద నిర్వాహకుడు ఎర్నెస్ట్ అన్సెర్మే ఒకడు. 1919లో లండనున సిడ్నీ బెషే క్లారినెట్ విని, ఆయనను ప్రతిభాశాలియైన కళాకారుడని వ్రాసెను. కాని అనేకులు ఆశ్చర్యముతోనే ఆగిపోయిరి. 1963లో లిరాయ్ జోన్స్, తరువాత అమీరి బరాకా అని పేరు మార్చుకొన్న కవి, "బ్లూస్ పీపుల్" అను గ్రంథమున సంగీతములోని ప్రతి మార్పును నల్లజాతి జనుల సాంఘిక స్థితిలోని మార్పుతో జోడించి చూపెను. స్వరములను గాక, ఆ స్వరముల వెనుకనున్న మనోవైఖరిని వినవలెనను ఆయన వాదము నేటికిని నిలిచినది. అయితే మధ్యతరగతి సంస్కారము ఈ సంగీతమును పలుచన చేయునను ఆయన అభిప్రాయము అంతటను చెల్లదు. ఎల్లింగ్టన్ వాషింగ్టన్ నగరపు మర్యాదగల మధ్యతరగతి యింటివాడు. ఆయన తన వాద్యకారులలో ప్రతివాని కంఠమును ఎరిగి, వాని కొరకే వరుసలు కూర్చెను. వంతపాట పేదరికముతోనే బ్రతుకునది కాదనుటకు ఇది తార్కాణము.

ఈ సంచిక పాఠకులలో పెక్కురు తంజావూరు, మధుర, బెంగుళూరు, బరంపురము, షోలాపురము, యానాము మొదలగు తావులలో తరతరములుగా స్థిరపడినవారు. మన పూర్వులు వలసపోయినది వేరు, వారు సంకెళ్లలో తేబడినది వేరు; ఈ రెంటిని సరితూచుట అపచారము. కాని ఒక ప్రశ్న మనకును చెందును. తెలుగు లిపి చదువలేని మన పిల్లలు భజనలో అందుకొని పాడుచున్నప్పుడు, వారు పోగొట్టుకొన్నదానినే లెక్కింపవలెనా, నిలుపుకొన్నదానిని కూడ లెక్కింపవలెనా? జాజ్ చరిత్ర రెండవ లెక్కయు అవసరమని చూపుచున్నది. అయితే ఒక హెచ్చరికయు అందు కలదు. విన్నదానినే మరల అప్పగించుచున్నంతవరకు అది జ్ఞాపకము మాత్రమే. తనదైన జవాబు చెప్పగలిగిన తరము వచ్చినప్పుడే సంప్రదాయము అనిపించుకొనును. రసజ్ఞులు ఈ దృష్టితో ఆ ముద్రణలను ఒకమారు వినిచూతురు గాక.